డాకింగ్‌లో చివరి 20 మీటర్లు దాటడానికి అంత సేపు ఎందుకు?

లోలకం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2025 జూన్ 26న మన వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయాణించిన గ్రేస్ వ్యోమనౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతో అనుసంధానమైన (డాకింగ్) దృశ్యాన్ని అప్పట్లో ప్రయోగశాలలోని ప్రొజెక్టరు మీద పిల్లలకు ప్రత్యక్షంగా చూపించాను. ఈ మధ్య అదే రికార్డింగును కొత్తగా చేరిన పిల్లలకు చూపిస్తే, అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలనే వీళ్ళూ అడిగారు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా మేము చూసినది చెబుతాను. నల్లటి తెర మీద తెల్లని చుక్కగా మొదలైన నౌక క్రమంగా పెద్దదవుతూ, ముక్కు దగ్గర మూత పక్కకు తెరుచుకుని ఉన్న సీసాలా కనిపించింది. పక్కన దూరం, వేగం అంకెల్లో మారుతున్నాయి. కొంతసేపటికి నౌక కదలడం మానేసింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. చివరికి కేంద్రానికి 20 మీటర్ల దూరంలో, అంటే మా తరగతి గది ఈ గోడ నుంచి పక్క గది అవతలి గోడ వరకు ఉండేంత దూరంలో, ఇంకొకసారి నిలబడిపోయింది. అప్పటికే వెనుక బెంచీల్లో మాటలు మొదలయ్యాయి. "బ్రేకులు వేశారా మాస్టారూ?" అని ఒకడు అడిగితే తరగతి మొత్తం నవ్వింది గానీ, ఆలోచిస్తే ఆ ప్రశ్న తేలిగ్గా తీసిపారేయవలసినది కాదు. గాలి లేనిచోట, రాపిడి లేనిచోట, గంటకు దాదాపు 27,600 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువు "ఆగడం" అంటే అర్థం ఏమిటి? అంత దూరం నుంచి వచ్చినది ఆ చివరి 20 మీటర్ల దగ్గర దేనికోసం నిలబడుతుంది?

భారత కాలమానం ప్రకారం సాయంత్రం 4 గంటల 1 నిమిషానికి తాకిందన్నారు. లోపలికి వెళ్ళే తలుపు తెరవడానికి మాత్రం ఇంకా రెండు గంటలకు కొంచెం తక్కువ సమయం పట్టింది. ఇల్లు చేరాక గడప దగ్గర అంతసేపు నిలబెట్టడం ఎందుకో కూడా తెలిసినవారు చెప్పగలరు. శుక్లాను పైలట్ అని అన్నారు కాబట్టి ఆయనే నడిపారా అన్నది పిల్లలందరి ప్రశ్న. నాకు తెలిసినంతలో ఔనని గానీ కాదని గానీ ఖచ్చితంగా చెప్పలేకపోయాను.

పంటురేవు ఇచ్చిన జవాబు

మాస్టారూ, మీ విద్యార్థి అడిగిన బ్రేకుల ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవాటికి తాళంచెవి అందులోనే ఉంది.

తెర మీద మీరు చూసిన వేగం నౌక భూమి చుట్టూ తిరిగే వేగం కాదు, కేంద్రంతో పోల్చినప్పటి వేగం. కేంద్రమూ నౌకా రెండూ సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పక్కపక్కనే పోతున్నాయి కాబట్టి, ఒకే వేగంతో పోతున్న రెండు రైళ్ళలోని ప్రయాణికులు ఒకరికొకరు కదలనట్టు కనిపించే విధంగానే ఇవీ కనిపిస్తాయి. ఈ మాట మీకు నేను చెప్పనక్కరలేదు. రైళ్ళ పోలిక పనికిరాకుండా పోయేది ఇక్కడి నుంచే. ముందున్న రైలును అందుకోవాలంటే వెనుక రైలు వేగం పెంచుతుంది. కక్ష్యలో వెనుక ఉన్న నౌక ముందుకు ఎగదోసుకుంటే పైకక్ష్యలోకి లేచిపోతుంది, అక్కడ చుట్టు తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఇంకా వెనుకబడుతుంది. అందుకోవాలంటే కిందికక్ష్యలో ఉండాలి.

దీనిని పిల్లల చేత లెక్క చేయించవచ్చు. కేంద్రం సుమారు 420 కిలోమీటర్ల ఎత్తులో ఉండి ఒక చుట్టును దాదాపు 92 నిమిషాల్లో పూర్తి చేస్తుంది. దానికి 10 కిలోమీటర్ల కిందుగా తిరిగే నౌకకు ఒక చుట్టులో 12 సెకన్లు మిగులుతాయి. ఆ 12 సెకన్ల విలువ దూరంలో దాదాపు 94 కిలోమీటర్లు. అంటే ఎత్తులోని తేడాకు రమారమి 9.4 రెట్లు, చుట్టు చుట్టుకూ కలిసివస్తుంది. జూన్ 25 మధ్యాహ్నం 12 గంటల 1 నిమిషానికి ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రం నుంచి బయలుదేరిన గ్రేస్ సరిగ్గా 28 గంటల్లో చేరడం వెనుక ఉన్నది ఈ లెక్కే. ప్రయోగ సమయానికి కేంద్రం తన కక్ష్యలో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి, ఎన్ని చుట్ల పాటు ఎంత కిందుగా తిరిగి దూరాన్ని తగ్గించుకోవాలో నిర్ణయిస్తారు. అన్నీ కలిసివస్తే తొందరగానూ చేరవచ్చు, 2020 అక్టోబరులో రష్యా సోయుజ్ నౌక ఒకటి మూడు గంటల్లోనే చేరింది.

ఇప్పుడు మీరు చూసిన ఆగుళ్ళ సంగతి. గ్రేస్ డ్రాగన్ రకం నౌక. డ్రాగన్ నౌకలు ఆగే మొదటి చోటు కేంద్రానికి 400 మీటర్ల కింద ఉంటుంది. అక్కడ నిలబడింది అన్నప్పుడు అది ఊరికే నిలబడి ఉండదు. 400 మీటర్ల కిందుగా ఉన్నందుకే అది సెకనుకు దాదాపు 70 సెంటీమీటర్ల చొప్పున కేంద్రాన్ని దాటి ముందుకు పోవాలి, పోకుండా ఉండటానికి థ్రస్టర్లు అనే బుల్లి రాకెట్లు కాసేపటికొకసారి ఊదుతూనే ఉంటాయి. డ్రాకో అని పిలిచే అవి మొత్తం 16. పన్నెండు పక్కల చుట్టూ ఉంటే, నాలుగు ఆ తెరిచిన మూత కింద ఉంటాయి. కాబట్టి మీ విద్యార్థికి చెప్పవలసిన జవాబు ఇది: బ్రేకులు వేయడం కాదు, వాలు రోడ్డు మీద క్లచ్ మీద బండిని నిలబెట్టినట్టు నిలబెట్టడం.

మీరు కోనసీమవారు కాబట్టి ఇంకొకటి. గోదావరి మీద పంటు నడిపేవాళ్ళు రేవు ఇంకా దూరంగా ఉండగానే ఇంజను తగ్గించి, మిగిలిన జోరుతోనే పంటును తీసుకువచ్చి గట్టుకు ఆనిస్తారు. తప్పు అంచనా వేసినా నీరు కొంత కాచుకుంటుంది. కక్ష్యలో అలా కాచుకునేది ఏదీ లేదు. ఇచ్చిన ప్రతి తోపునూ ఎదురు తోపుతోనే రద్దు చేయాలి.

నాన్‌స్టాప్ హ్యూస్టన్ ఇచ్చిన జవాబు

పంటురేవు గారు కక్ష్య సంగతి బాగా చెప్పారు. నేను చివరి 200 మీటర్ల గురించి రాస్తాను.

కేంద్రం చుట్టూ 200 మీటర్ల వ్యాసార్ధంతో ఊహలో ఒక గోళం గీసి ఉంటుంది. దాని వెలుపల నాలుగు కిలోమీటర్ల పొడవూ రెండు కిలోమీటర్ల వెడల్పూ ఉన్న కోడిగుడ్డు ఆకారపు హద్దు ఇంకొకటి. ఈ హద్దులను దాటడానికి భూమి మీది నియంత్రణ కేంద్రాలు ప్రతిసారీ విడిగా అనుమతి ఇవ్వాలి. నౌక నాసాది కాదు, స్పేస్‌ఎక్స్‌ది. ప్రయాణాన్ని ఏర్పాటు చేసినది ఆక్సియమ్ అనే ప్రైవేటు సంస్థ. చేరవలసిన కేంద్రం పలు దేశాలది. కాబట్టి నౌకను నడిపించే గది కాలిఫోర్నియాలోని హాథోర్న్‌లో ఉంటే, కేంద్రాన్ని చూసుకునే గది మా హ్యూస్టన్‌లో ఉంది. 20 మీటర్ల దగ్గర మీరు చూసిన ఆగుడు ఈ రెండు గదులూ తమ తమ అంకెలను చూసుకుని "సరే" అనుకునే చోటు. నౌక సరైన వాలులో ఉందా, లేజరు కొలతలూ ఉష్ణ కెమెరా చూపుతున్నదీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా, కేంద్రం తన థ్రస్టర్లను కదలకుండా ఆపుకుందా అన్నవి అక్కడ తేలాలి. అది దాటాక వెనక్కి పోవడం సాధ్యమే గానీ, అందుకు మిగిలే సమయం చాలా తక్కువ.

వెనక్కి పోవడం అనేది మాటవరసకు అన్నది కాదు. 2017 ఫిబ్రవరి 22న సరుకులు తెస్తున్న ఒక డ్రాగన్ కేంద్రానికి ఒక కిలోమీటరు పైచిలుకు దూరంలో ఉండగా, తన స్థానాన్ని చెప్పే జీపీఎస్ సమాచారంలో ఒక విలువ తప్పుగా ఉందని గుర్తించి, తనంతట తానే విరమించుకుని వెళ్ళిపోయి మర్నాడు మళ్ళీ వచ్చింది. నా దృష్టిలో అది వైఫల్యం కాదు, డాకింగ్ విద్యలో అదే సగం పాఠం.

ఇక శుక్లా నడిపారా అన్న ప్రశ్న. లేదు. డాకింగ్ పూర్తిగా నౌకలోని కంప్యూటర్లు చేసిన పని. కమాండర్ పెగ్గీ విట్సన్, పైలట్ శుక్లా తెరల మీద ప్రతి అంకెనూ కనిపెట్టి చూస్తూ, అవసరమైతే ఆపడానికో వెనక్కి పంపడానికో సిద్ధంగా ఉన్నారు. చేత్తో నడిపే వీలు నౌకలో ఉంది, 2020 మేలో తొలి మానవసహిత డ్రాగన్‌లో డగ్ హర్లీ దాన్ని కొంతసేపు పరీక్షించి చూశారు కూడా. ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే స్పేస్‌ఎక్స్ ఉచితంగా పెట్టిన డాకింగ్ సిమ్యులేటర్‌ను మీ పిల్లల చేత ఆడించండి. అన్ని అంకెలూ 0.2 కంటే లోపలికి వచ్చి ఆకుపచ్చగా మారితేనే నౌక అతుక్కుంటుంది. మా అబ్బాయి తొలి సాయంత్రం నాలుగుసార్లు కేంద్రాన్ని గుద్దాడు. ఐదోసారి చేయి వెనక్కి పెట్టుకుని, నొక్కిన ప్రతి మీటకూ నాలుగైదు ఊపిర్ల వ్యవధి ఇచ్చి, పావుగంట పైగా తీసుకుని చేర్చాడు. "ఏమీ చేయకుండా ఉండటమే కష్టంగా ఉంది నాన్నా" అన్నాడు.

తాకిన తరువాతి రెండు గంటల సంగతి కూడా చెప్పేస్తాను. తాకిన వెంటనే నౌక మూతిలోని ఉంగరం, దానికి రేకుల్లా ఉన్న మూడు పలకల సాయంతో, కేంద్రం వైపు ఉన్న ఉంగరాన్ని పట్టుకుంటుంది. ప్రసారంలో సాఫ్ట్ క్యాప్చర్ అన్నది దీన్నే. ఊగిసలాట తగ్గేవరకూ ఆగి, ఆ ఉంగరాన్ని లోపలికి లాక్కుని, 12 కొక్కేలతో రెండు మూతులనూ బిగిస్తారు. అది హార్డ్ క్యాప్చర్. అప్పటికి కూడా రెండు తలుపుల మధ్య ఒక చిన్న ఖాళీ గది మిగులుతుంది, అందులో ఉన్నది శూన్యం. దానిలో గాలి నింపి, ఎక్కడా కారడం లేదని ఒత్తిడి కొలతలతో నిర్ధారించుకుని, రెండు వైపులా ఒత్తిడి సమం చేశాకనే తలుపు తీస్తారు. మన ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ మూతను ఆవిరి పోకముందే తీయబోయినవారికి ఈ ఆలస్యం ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

లోలకం

ఇద్దరికీ ధన్యవాదాలు. 94 కిలోమీటర్ల లెక్కను ఈ రోజే బోర్డు మీద వేయించాను. కక్ష్య వ్యాసార్ధానికి బదులు కేంద్రం ఎత్తునే తీసుకుని లెక్కకట్టి చాలామంది బోల్తాపడ్డారు, దిద్దుకున్నాక అందరికీ వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. ఇంత ఘనమైన యంత్రాలు కొంచెం గట్టిగా తగిలితే మాత్రం ఏమవుతుందని, తాకే వేగం సెకనుకు పది సెంటీమీటర్లకు బదులు ఒక మీటరైతే ఏం పోయిందని ఒకమ్మాయి అడిగింది.

పాత రేడియో ఇచ్చిన జవాబు

ఆ అమ్మాయికి రెండు లెక్కలు ఇవ్వండి. డ్రాగన్ ద్రవ్యరాశిని సుమారు 12 టన్నులు అనుకుని, సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో తాకితే గతిశక్తి 60 జౌల్‌లు. ఆరు కిలోల బియ్యం మూటను మీటరు ఎత్తు నుంచి జారవిడిస్తే నేలకు తగిలేంత. వేగాన్ని పది రెట్లు చేస్తే శక్తి వంద రెట్లై, 600 కిలోల బండను అంతే ఎత్తు నుంచి జారవిడిచినట్టవుతుంది. కింద ఉన్నది నేల కాదు. సౌరఫలకాలను రెక్కల్లా చాపుకుని, లోపల మనుషులను పెట్టుకుని ఉన్న పలుచని అల్యూమినియం డబ్బాల వరుస.

రెండోది లెక్క కాదు, జరిగినది. 1997 జూన్ 25న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్ దగ్గరకు ప్రోగ్రెస్ సరుకు నౌకను వసీలీ త్సిబ్లియెవ్ టీవీ తెరను చూస్తూ దూరం నుంచి చేత్తో నడిపించవలసి వచ్చింది. దూరం, వేగం సరిగా అందక, ఏడు టన్నుల నౌక సెకనుకు సుమారు మూడు మీటర్ల వేగంతో వచ్చి స్పెక్టర్ అనే గదికి తగిలింది. గాలి కారడం మొదలైంది. గుమ్మం గుండా పోతున్న తీగలను కోసి, ఊడదీసి, ఆ గదికి మూత వేసి మిగిలిన కేంద్రాన్ని నిలబెట్టుకున్నారు. శుక్లా బృందం బయలుదేరినది అదే తేదీన కావడం యాదృచ్ఛికమే గానీ, నాకు మాత్రం ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం చూస్తున్నంతసేపూ మీర్ సంగతే మెదిలింది.

నాన్‌స్టాప్ హ్యూస్టన్ గారితో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. అంతా కంప్యూటర్లే చేస్తాయన్న ధోరణిలో చెబితే పిల్లలు మనుషులు ఉట్టి ప్రయాణికులే అనుకుంటారు. 2024 జూన్ 6న బోయింగ్ స్టార్‌లైనర్ కేంద్రాన్ని సమీపిస్తుండగా దాని 28 నియంత్రణ థ్రస్టర్లలో ఐదు పనిచేయడం మానేశాయి. అదీ వాణిజ్య నౌకే. బుచ్ విల్మోర్ కొంతసేపు నౌకను చేత్తో నిలబెట్టవలసి వచ్చింది, పక్కన సునీతా విలియమ్స్ ఉన్నారు. భూమి మీది బృందం ఆ థ్రస్టర్లలో నాలుగింటిని తిరిగి పనిచేయించాక, మొదట అనుకున్న సమయం దాటిపోయిన తరువాత డాకింగ్ జరిగింది. మీ తరగతిలో ఆ రోజు ప్రసారాన్ని కూడా చూపిస్తే, 20 మీటర్ల దగ్గర ఆగుడు విసుగ్గా ఉందని అనేవారు తగ్గుతారని నా నమ్మకం.

నాన్‌స్టాప్ హ్యూస్టన్

ఒప్పుకుంటున్నాను. నేను గ్రేస్ వరకే చెప్పాను. స్టార్‌లైనర్ సంగతి కలపవలసింది.

శ్రీహరికోట పక్షి ఇచ్చిన జవాబు

ఇంతమంది ఇంత రాసి, మన ఇస్రో చేసిన డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ60 మీద వెళ్ళిన రెండు ఉపగ్రహాలూ ఒక్కొక్కటి దాదాపు 220 కిలోలు. మనుషులు లేరు, తెరిచి చూడవలసిన తలుపూ లేదు. అయినా మాస్టారి ప్రశ్నకు వాటిలో ఉన్నంత మంచి జవాబు ఇంకెక్కడా దొరకదు.

డాకింగ్ మొదట జనవరి 7 అనుకున్నారు, తరువాత 9 అన్నారు. ఒకసారి ఉపగ్రహాల మధ్య జరుగుడు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉందని ఆపేశారు. జనవరి 12న రెండింటినీ 15 మీటర్లకు, ఆ తరువాత 3 మీటర్లకు తెచ్చి, తాకించకుండానే మళ్ళీ దూరం జరిపి, వచ్చిన సమాచారాన్ని పరిశీలించుకున్నారు. అప్పుడు సామాజిక మాధ్యమాల్లో "పెళ్ళిపీటల దాకా వచ్చి వెనక్కి పోయారు" అని వెటకారాలు చేసినవారిలో మా ఊరివాళ్ళూ ఉన్నారు. జనవరి 16న 15 మీటర్ల నుంచి 3 మీటర్లకు, అక్కడ ఆగి, అక్కడి నుంచి డాకింగ్‌కు వెళ్ళి పూర్తిచేశారు. అలా చేయగలిగిన నాలుగో దేశం మనది. మార్చి 13న విడదీసి, ఏప్రిల్‌లో రెండోసారి కూడా కలిపారు.

మనవాళ్ళ పద్ధతిలో తాకే వేగం సెకనుకు 10 మిల్లీమీటర్ల స్థాయిలో ఉండేలా రూపొందించారు, అంటే ఆ అమ్మాయి అడిగిన మీటరులో నూరో వంతు. తేలికైన వస్తువులు తాకితే ఒకదాన్నొకటి నెట్టేసుకుని దూరంగా పోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, బరువు తగ్గినకొద్దీ మృదుత్వం పెరగాలి. కేరమ్స్ బల్ల మీద కాయిన్లతో చూపించండి, వెంటనే పట్టుకుంటారు. స్పేడెక్స్ డాకింగ్ మూతి వ్యాసం 450 మిల్లీమీటర్లు, మనుషుల ప్రయాణాలకు అనుకున్నది 800 మిల్లీమీటర్లు.

మిద్దెమీద

నాదొక చిన్న ప్రశ్న, వరంగల్ నుంచి. డాకింగును మన కళ్ళతో ఆకాశంలో చూడటం సాధ్యమేనా?

పంటురేవు

డాకింగును చూడలేము, డాకింగుకు ముందు స్థితిని చూడవచ్చు. కేంద్రం కనిపించాలంటే మన దగ్గర చీకటి ఉండాలి, దాని మీద మాత్రం ఎండ పడాలి. అంటే తెల్లవారుజామున గానీ, పొద్దు గూకిన కొంతసేపటికి గానీ. గ్రేస్ తాకిన సమయం మనకు సాయంత్రం నాలుగు కాబట్టి ఆ రోజు అవకాశమే లేదు. నౌక ఇంకా చేరని రోజుల్లోనో, విడిపోయి వెళ్తున్న రోజుల్లోనో సరైన సమయం దొరికితే, మెరిసే పెద్ద చుక్కకు ముందో వెనుకో మసకగా ఇంకొక చుక్క అదే దారిలో పోతూ కనిపిస్తుంది. రెండూ ఒకే వేగంతో పోతున్నట్టు అనిపిస్తుంది. రెండింటి మధ్య దూరం తగ్గుతోందా పెరుగుతోందా అన్నది ఆ నాలుగైదు నిమిషాల్లో మీ కంటికి తెలియదు. అది తెలియాలంటే మర్నాడు కూడా మిద్దె ఎక్కాలి.

లోలకం

కేరమ్స్ బల్లను స్టాఫ్‌రూమ్ నుంచి తెప్పించాను. పౌడరు ఎక్కువ పడి కాయిన్లు ఆగడం లేదు. అదీ మంచిదే అనిపించింది. వాటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన వాళ్ళు ఇప్పటికి ఇద్దరే, అందులో బ్రేకుల గురించి అడిగినవాడు ఒకడు.